అన్నయ్య చెవుడు, నా వేషం

ఆ వేషం అసలు నాకోసం రాసింది కాదు. ఇంటి యజమాని పాత్రకు మాట్లాడుకున్న నటుడు ఆ ఉదయం రాలేదు. యాప్రాల్‌లో ఒక రెండంతస్తుల ఇల్లు షూటింగ్‌కి తీసుకున్నారు. సాయంత్రానికల్లా ఖాళీ చేసి ఇచ్చేయాలి. నేను పోస్ట్‌మ్యాన్‌గా ఒకే ఒక్క డైలాగు చెప్పడానికి వెళ్లాను. డైరెక్టరు నాకంటే పదేళ్లు చిన్నవాడు, నల్లగొండ వైపు మనిషి. నన్ను ఎగాదిగా చూసి, "అన్నా, నువ్వే ఓనర్. లుంగీ కట్టుకొని రా," అన్నాడు.

అప్పటికి ప్రైవేటు చానళ్లు వచ్చి ఎంతో కాలం కాలేదు. వారానికో అరగంట కామెడీ సీరియల్ వేస్తే వీధికి వీధి టీవీల ముందు కూర్చునేది. నేను ఒక మిషన్ స్కూల్లో తెలుగు టీచర్ని. చర్చిలో క్రిస్మస్ నాటకాలు ఆడి ఆడి రుచి మరిగి, సెలవు రోజుల్లో చిన్నాచితకా వేషాలకు తిరుగుతుండేవాణ్ణి. నలభై దాటాయి. పొట్టి మనిషిని, బట్టతల, గుబురు మీసం. పెళ్లి చేసుకోలేదు. అన్నయ్యా వదినలతో లాలాగూడ రైల్వే క్వార్టర్లో ఉండేవాణ్ణి. వాళ్లకు పిల్లల్లేరు.

మొదటి టేక్ చప్పగా వచ్చింది. డైరెక్టరు పెదవి విరిచాడు.

"డైలాగ్ మంచిగనే చెప్తున్నవ్ అన్నా. కానీ ఏదో ఒకటి ఉండాలె. జనం యాదుంచుకునేటిది."

రెండో టేక్‌లో నేనేమీ ఆలోచించలేదు. అద్దెకున్న కుర్రాడి వేషం వేసినతను ఏదో అనగానే తల కాస్త ఎడమకు వంచాను. అరచెయ్యి దొప్పలా చేసి చెవి వెనక పెట్టాను. మాట పూర్తికాకముందే ముఖమంతా నవ్వు చేసుకుని, సంబంధం లేని జవాబు చెప్పాను. కెమెరామన్ నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయాడు. డైరెక్టరు కట్ చెప్పడం మరిచిపోయాడు.

"ఏడికెల్లి తెచ్చినవ్ అన్నా గిది?" అన్నాడు తర్వాత, నా భుజం మీద చెయ్యేసి.

"ఊరికే. అలా వచ్చేసింది," అన్నాను.

అబద్ధం. అది మా అన్నయ్యది.

మా నాన్న గుంటూరు జిల్లా నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఉద్యోగంలోనే పోయాడు. ఆ ఉద్యోగం అన్నయ్యకిచ్చారు. అన్నయ్యకప్పుడు పంతొమ్మిదేళ్లు. డిగ్రీలో చేరాలని ఫారం తెచ్చుకుని నింపి కూడా పెట్టాడు. దాన్ని అలాగే మడిచి పెట్టెలో పడేసి సుత్తి పట్టుకున్నాడు. బోగీల ఇనప రేకులకు రివెట్లు కొట్టే పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనుము మీద ఇనుము మోగుతూనే ఉంటుంది. చెవుల్లో దూది పెట్టుకుని వెళ్లేవాడు. దూది ఏం ఆపుతుంది? ముప్పై అయిదేళ్లు వచ్చేసరికి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో కాస్త మిగిలింది. గట్టిగా అరిస్తే ఎవరో అరిచారని తెలిసేది, ఏమని అరిచారో తెలిసేది కాదు. నేను బి.ఏ. చదివిందీ, టీచర్నయిందీ ఆ సుత్తి దెబ్బల మీదే.

చెవుడు వచ్చాక కూడా అన్నయ్య మాట్లాడటం మానలేదు. ఎదుటివాళ్లు ఏమని ఉంటారో ఊహించుకుని జవాబిచ్చేవాడు. ఒకరోజు వదిన వంటింటి గుమ్మంలోంచి "చారు పెట్టాను, రండి" అంటే, "కారా? కొంటే కొన్నావు గానీ ఎక్కడ పెడతావే? సైకిలుకే చోటు లేదు," అన్నాడు. వదినా నేనూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం. మాతోపాటు తనూ నవ్వాడు. వదిన నోరు పెద్దగా తెరిచి "చా... రు" అని మళ్లీ చెప్పాక, అప్పుడు సంగతి తెలిసి, ఇంకోసారి నవ్వాడు.

అన్నయ్యది మంచి గొంతు. వినపడే రోజుల్లో చర్చి క్వయర్లో పాడేవాడు. వినికిడి పోయాక క్వయర్లోంచి దిగివచ్చి వదిన పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. వదిన కీర్తనల పుస్తకం ఇద్దరి మధ్యా పట్టుకుని, అందరూ పాడుతున్న మాట కింద వేలు నడిపించేది. ఆ వేలు చూసి అన్నయ్య పాడేవాడు. శ్రుతి ఎటో పోయేది. అందరూ ఆపేశాక ఒక్కోసారి ఇంకో మాట పాడేవాడు. చర్చిలో ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు. అన్నేళ్లలో ఒక్కరు కూడా.

సీరియల్ నాలుగు వారాలు నడిచేసరికి నా పాత్రకు "చెవిటి మామ" అని పేరు పడిపోయింది. డైరెక్టరు ప్రతి షూటింగ్‌లో నన్ను పక్కకు పిలిచి, "ఇంకేమన్న ఉన్నదా అన్నా?" అని అడిగేవాడు. ఉండేది. ఇంట్లో రోజూ ఏదో ఒకటి దొరికేది. అన్నయ్య పొరపాటుగా విన్న మాటలు నా స్కూలు డైరీ వెనక పేజీల్లో రాసుకునేవాణ్ణి. చారు, కారు మాట కూడా అలాగే వెళ్లింది. అది అన్నిటికంటే పెద్ద హిట్టయింది. ఆటోవాళ్లు, బస్సు కండక్టర్లు, మా స్కూల్లో పిల్లలు, అందరి నోటా అదే. "కారా? ఎక్కడ పెడతావే?"

ఆ ఎపిసోడ్ వచ్చిన మర్నాడు వదిన నాకు టిఫిన్ పెడుతూ అడిగింది.

"అబ్బాయ్, అది మనింట్లో మాట కదూ?"

"ఎవరికి తెలుస్తుంది వదినా?"

"నాకు తెలుసుగా," అంది. చట్నీ వేసి లోపలికి వెళ్లిపోయింది.

అన్నయ్యకు మాత్రం ఏమీ తెలియదు. శుక్రవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చునేవాడు. మాటలు వినపడవు. తమ్ముడు టీవీలో కనిపిస్తున్నాడు, అది చాలు. పక్క క్వార్టర్ల వాళ్లను పిలిచి కూర్చోబెట్టేవాడు. వాళ్లు నవ్వినప్పుడల్లా వాళ్ల ముఖాలు చూసి, నన్ను చూసి గర్వంగా తలాడించేవాడు. వాళ్లలో కొందరు నా వేషాన్నీ, మా అన్నయ్యనూ మార్చి మార్చి చూడటం నేను గమనించాను. గమనించనట్టు ఊరుకున్నాను.

ఒకరోజు సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తున్నాను. వర్క్‌షాపు గేటు అవతల టీ బండి దగ్గర కొత్తగా చేరిన అప్రెంటిస్‌లు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అన్నయ్య టిఫిన్ డబ్బా పట్టుకుని వాళ్లను దాటి వెళ్లాడు. వెనకనుంచి ఒకడు గట్టిగా అరిచాడు.

"మామా! కారొచ్చింది! ఏడ పెట్టాలె?"

అన్నయ్య ఆగి వెనక్కి తిరిగాడు. ఎవరో పలకరిస్తున్నారనుకుని నవ్వాడు, చెయ్యెత్తాడు. వాళ్లు విరగబడి నవ్వారు. మళ్లీ నడిచాడు. మళ్లీ అరిచారు. మళ్లీ తిరిగాడు, మళ్లీ నవ్వాడు. మూడోసారి తిరిగినప్పుడు ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. వాళ్ల నోళ్లవైపు కాసేపు చూశాడు. నాలుగోసారి అరిస్తే తిరగలేదు. తల వంచుకుని నడక పెంచాడు.

నేను ఆటో దిగాల్సింది. దిగి వాళ్ల చొక్కా పట్టుకోవాల్సింది. దిగితే వాళ్లు నన్ను గుర్తుపడతారు, అన్నయ్య ముందే "చెవిటి మామా" అని చుట్టూ చేరతారు. ఆ భయంతో, "వేరే రోడ్డు మీంచి పోనీ బాబూ," అన్నాను డ్రైవరుతో.

ఆ నెలలోనే స్కూలు ఉద్యోగం మానేశాను. వారానికి మూడు రోజులు షూటింగ్, ఇంకో రెండు సీరియళ్లలో అవే వేషాలు. హెడ్మాస్టరు సెలవులు ఇచ్చి ఇచ్చి విసిగిపోయారు.

తర్వాత భజన ఎపిసోడ్ వచ్చింది. ఇంట్లో భజన పెట్టుకుంటారు, చెవిటి మామ అందరికంటే గట్టిగా పాడి చెడగొడతాడు. రాసిన సీన్ అంతే. చాలా పొట్టిగా ఉందని డైరెక్టరు తల గోక్కుంటున్నాడు. నేనే చెప్పాను. భార్య పుస్తకం పట్టుకుని మాట కింద వేలు నడిపిస్తుంటే మామ ఆ వేలు చూసి పాడతాడని. ఆమెకు దోమ కుట్టి వేలు తీస్తే మామ దారి తప్పుతాడని. అందరూ ఆపేశాక ఒక్కడే పాడుతూ ఉండిపోతాడని. భార్య వేషం వేసినావిడకు వేలు ఎలా నడిపించాలో పక్కన కూర్చుని నేర్పించింది కూడా నేనే.

ఆ శుక్రవారం అన్నయ్య ఎప్పటిలాగే కూర్చున్నాడు. ఆ సీన్ వచ్చింది. పక్కింటివాళ్లు నవ్వుతున్నారు. అన్నయ్య వాళ్లవైపు చూడలేదు. టీవీలో ఆ వేలు పేజీ మీద కదులుతుంటే దాన్నే చూస్తున్నాడు. తర్వాత మెల్లగా తల తిప్పి, వదిన ఒళ్లో పెట్టుకున్న చేతివైపు చూశాడు. వదిన చెయ్యి కొంగు కిందికి లాక్కుంది. అన్నయ్య లేచి పెరట్లోకి వెళ్లి మొక్కలకు నీళ్లు పోశాడు. పొద్దున పోసిన మొక్కలకే.

ఆదివారం చర్చిలో వదిన పుస్తకం తెరిచి మధ్యలో పెట్టింది. అన్నయ్య దాన్ని మెల్లగా మూసి ఆమె ఒళ్లో పెట్టాడు. అందరూ పాడుతుంటే చేతులు కట్టుకుని ఎదుటి గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఎన్నడూ పాడలేదు.

సోమవారం నేను డైరెక్టరు దగ్గరికి వెళ్లి, మామకు చెవుడు తీసేద్దాం అన్నాను. ఆపరేషన్ అయిందని చెప్పి తీసేద్దాం అన్నాను.

"దిమాక్ ఖరాబైందా అన్నా?" అన్నాడు. కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీ చెవుడుకే గద చూస్తుండ్రు జనం. అది తీస్తే నువ్వెవ్వరు?"

నేను లుంగీ కట్టుకుని సెట్ మీదికి వెళ్లాను.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం వర్క్‌షాపు గేటు బయట ఇసుక దింపిన లారీ ఒకటి వెనక్కి వస్తోంది. పెద్ద వేగమేమీ లేదు. అన్నయ్య దాని దారిలో నడుస్తున్నాడు. అదే వచ్చి తాకింది. నేను హాస్పిటల్‌కి వెళ్లేసరికి లోపల ఆపరేషన్ జరుగుతోంది. ఎడమ తొడ ఎముక నాలుగు ముక్కలైందన్నారు. వరండాలో అన్నయ్యతో పనిచేసే పెద్దాయన ఒకడు చొక్కా నిండా రక్తపు మరకలతో కూర్చుని ఉన్నాడు. వదినకు చెప్పిందే నాకూ చెప్పడం మొదలుపెట్టాడు.

"పదిమందిమి మొత్తుకున్నం సార్, లారీ వస్తున్నది, జరుగు జరుగని. ఇదివరకైతే గింత ఒర్రితే తిరిగి చూస్తుండె. ఈ నడుమ తిరుగుడే బంద్ జేసిండు. ఎవలన్న ఒర్రితే ఇంకింత తల దించుకొని పోతుండె. గా టీవీల మామ మాటలు అనుకుంట పోరగాండ్లు పరేషాన్ జేస్తుండ్రి గద సార్..."

అంటూ నా ముఖంలోకి చూశాడు. ఆగిపోయాడు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ లేచి బయటికి వెళ్లిపోయాడు. వదిన అక్కడే ఉంది. అన్నీ విన్నది.

అయిదో రోజున నేను షూటింగ్‌కి వెళ్లాను. నాకోసం ఎపిసోడ్ ఆగి ఉందని కారు పంపారు. లుంగీ, దొప్పలా అరచెయ్యి, నవ్వు. అందరూ నవ్వారు. రోజంతా నాకు నా గొంతు ఎక్కడో పక్కగదిలోంచి వస్తున్నట్టుంది. కానీ ఒక్క డైలాగు కూడా తప్పలేదు. ఆ సంగతే ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

అన్నయ్య బతికాడు. కాలు మూడంగుళాలు కురచయింది. చంకలో కర్ర లేకుండా నడవలేకపోయాడు. వర్క్‌షాపు పనికి పనికిరాడని ముందుగానే రిటైర్ చేశారు. క్వార్టరు ఖాళీ చేసి ఏ.ఎస్. రావు నగర్‌లో రెండు గదుల పోర్షన్‌లోకి మారాం. అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. నాతో మాట్లాడేవాడు కాదని చెప్పలేను. అన్నం తిన్నావా, గొడుగు తీసుకెళ్లు, ఇలాంటివి మాట్లాడేవాడు. నేను పలకమీద రాసి జవాబిచ్చేవాణ్ణి. టీవీ మాట ఎత్తేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం వదిన మార్కెట్‌కి వెళ్లినప్పుడు హఠాత్తుగా అన్నాడు.

"నువ్వు తప్పు చేస్తున్నావురా."

ఇన్నాళ్లకు అడిగేస్తున్నాడనుకున్నాను. అన్నయ్య కుర్చీలో ముందుకు జరిగాడు.

"చెయ్యి చెవి దగ్గర పెడతావే, అది. మొదట్లో నేనూ పెట్టేవాణ్ణి, ఇంకా వినపడుతుందని ఆశ ఉన్న రోజుల్లో. పదేళ్లయింది మానేసి. నువ్వు చూడలేదా? చెవి పోయినవాడు చెవిని ఎందుకు నమ్ముకుంటాడురా? నోరు చూస్తాడు."

నేను చూడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ పదేళ్లుగా చూడలేదు. ఎప్పటిదో అన్నయ్యను టీవీలో చూపిస్తున్నాను. ఏం రాయాలో తెలియక పలకమీద "నవ్వు?" అని రాశాను.

"అది సంతోషం కాదు," అన్నాడు. "ఎదుటివాడు విసుక్కోకముందే నవ్వెయ్యాలి. నవ్వితే ఇంకోసారి చెబుతాడు. నవ్వకపోతే చెప్పడు." కర్రను కుర్చీకి ఆనించి అన్నాడు. "నాకు చెప్పి చేసుంటే అప్పుడే నేర్పేవాణ్ణి కదరా."

పలకమీద ఏదో రాయబోయి బలపం కింద పెట్టేశాను. అన్నయ్య అది చూశాడు. చూసి, పట్టించుకోనట్టు, "లే. చేసి చూపించు," అన్నాడు.

వారం రోజులు నేర్పాడు. మనిషి ఎదురుగా రాగానే వెలుతురు ఎటుందో చూసుకుని నిలబడాలి. కళ్లు పెదాల మీంచి తియ్యకూడదు. మాట అందలేదని తెలిసిన క్షణంలో కనురెప్ప ఒక్కసారి కొట్టుకుంటుంది, ఆ తర్వాతే నవ్వు. తప్పు జవాబు గట్టిగా చెప్పకూడదు, మెల్లగా, ఒడ్డు దొరుకుతుందేమోనని నీళ్లలో కాలు పెట్టినట్టు చెప్పాలి. నేను చేస్తుంటే కర్రతో నేల తట్టి ఆపేవాడు. "కాదు, మళ్లీ." ప్రమాదం జరిగాక అన్నయ్య ఉత్సాహంగా ఉండటం నేను చూసింది ఆ వారమే. చివరిరోజు, "ఇంకొకటి. నీ మీసం పెదాల మీద పడుతుంది. నువ్వేం అంటున్నావో నాకెప్పుడూ తెలియదు," అన్నాడు.

షూటింగ్‌లో అన్నయ్య చెప్పినట్టే చేశాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు, అది నాకు తెలుసు. టేక్ అయ్యాక ఎవరూ నవ్వలేదు. లైట్‌మన్ తల దించుకున్నాడు. భార్య వేషం వేసే ఆవిడ, "అయ్యో, ఇదేంటండీ, చూస్తుంటే ఎలాగో ఉంది," అంది.

డైరెక్టరు దగ్గరికొచ్చి, "ఏందన్నా ఇది? జెర పాత లెక్కనే చెయ్యరాదే," అన్నాడు.

ఇంకో రెండు టేకులు అలాగే చేశాను. మూడోసారి అతను టోపీ తీసి బల్లమీద కొట్టాడు. వెనక యూనిట్ అంతా అన్నాలకు లేవాలని చూస్తోంది. నాలుగో టేక్‌లో చెయ్యి ఎత్తి చెవి వెనక పెట్టాను. ఒక్కసారిగా అందరూ నవ్వారు. ఓకే అయింది.

ఇంట్లో చెప్పలేదు. ఆ శుక్రవారం అన్నయ్య చాలా నెలల తర్వాత తనే టీవీ పెట్టాడు. వదినను వంటింట్లోంచి పిలిచి, "రా, కూర్చో. ఇవాళ నేను చెప్పినట్టు చేస్తాడు, చూడు," అన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. నా సీన్ వచ్చింది. తెరమీద నా చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది. అన్నయ్య చివరిదాకా చూశాడు. ప్రకటనలు మొదలయ్యాక నావైపు తిరిగి, "బాగుంది," అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వుకు ముందు కనురెప్ప ఒకసారి కొట్టుకుంది.

మర్నాడు పొద్దున నేను మీసం తీసేశాను. డైరెక్టరు నానా తిట్లూ తిట్టి పెట్టుడు మీసం తెప్పించాడు. సీరియల్ ఇంకో ఏడాది నడిచింది, ఆ ఏడాదంతా జిగురుతో మీసం అంటించుకుని అదే వేషం వేశాను. తర్వాత జనానికి మొహం మొత్తింది. సీరియల్ ఆపేశారు. రెండేళ్లు చిన్న వేషాల కోసం తిరిగాను. ఎక్కడికెళ్లినా ముందు చెయ్యి చెవి దగ్గర పెట్టి చూపించమనేవాళ్లు. చివరికి తిరగడం మాని, ఇంటి దగ్గర పిల్లలకు తెలుగు ట్యూషన్లు చెప్పుకున్నాను.

అన్నయ్య ఇంకో నాలుగేళ్లు ఉన్నాడు. సాయంత్రాలు ఆయన కుర్చీకి ఎదురుగా, వెలుతురు నా ముఖం మీద పడేలా కూర్చుని మాట్లాడేవాణ్ణి. పలక అక్కర్లేకపోయింది. నాన్న గురించీ, తను నింపి దాచిన డిగ్రీ ఫారం గురించీ కూడా చెప్పాడు. గేటు దగ్గర జరిగింది మాత్రం ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఒక వానాకాలం ఉదయం మంచంమీంచి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

సమాధుల తోటలో అంతా అయిపోయి, జనం వెళ్లిపోయాక, వదినా నేనూ గేటు పక్కన సిమెంటు బల్లమీద కూర్చున్నాం. ఎన్నో ఏళ్లుగా అడగలేకపోయిన మాట అప్పుడు అడిగాను.

"వదినా, ఆ రోజు అన్నయ్య వెనక్కి తిరక్కపోవడం నావల్లేనా?"

వదిన తన చేతుల్ని చూసుకుంది.

"అడక్కు అబ్బాయ్," అంది. "అడిగితే నేను చెప్పాల్సొస్తుంది."

లేచి చెప్పులు వేసుకుంది. ఆటో కోసం ఇద్దరం రోడ్డు దాకా నడిచాం.